ముందు కన్ను చూపించుకోండి, గురి చూసే సైట్ సంగతి తర్వాత

నమస్తే అన్నా. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీకు 58 ఏళ్లు, ఊరు ప్రొద్దుటూరు, పదేళ్లుగా షుగర్ ఉంది. మీ తోటలో 30 మీటర్ల దూరాన బోర్డు పెట్టుకుని క్రాస్‌బోతో, అంటే ట్రిగ్గర్ నొక్కి బాణం వేసే అడ్డ విల్లుతో, ప్రాక్టీస్ చేస్తున్నారు. క్రాస్‌బోతో పాటు వచ్చిన 4x32 స్కోప్‌లో (నాలుగు రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు) గురి గీతలు ఏడాదిగా మసకగా కనబడుతున్నాయి. దాన్ని తీసేసి రెడ్ డాట్, అంటే వెలిగే చుక్కతో గురి చూపే సైట్, కొన్నారు. అందులో చుక్క గుండ్రంగా కాకుండా నక్షత్రంలా, తోకలు వచ్చినట్టు కనబడుతోంది. ఇప్పుడు పెద్ద స్కోప్, 3-9x40 లాంటిది (మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా పెంచుకునేది), కొంటే గురి కుదురుతుందా అని అడిగారు.

నాకు 64. అనంతపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైర్ అయ్యాను. ముప్పై ఏళ్లు పిల్లలకు విల్లు పట్టడం నేర్పాను, క్రాస్‌బో పన్నెండేళ్ల నుంచి వాడుతున్నాను. రెండేళ్ల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బంది నేను నాలుగేళ్లు పడ్డాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పెద్ద స్కోప్ ఇప్పుడే కొనకండి. ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇది మాటవరసకు చెప్పడం లేదు. మీరు రాసిన రెండు లక్షణాలు, గీతలు మసకబారడం, చుక్కకు తోకలు రావడం, రెండూ సైట్‌లో లోపం కాకపోవచ్చు. నేను కూడా రెడ్ డాట్‌లో నక్షత్రం చూసి, సరుకు బాగాలేదని అమ్మినాయనతో వాదించి, మార్పించి తెచ్చుకున్నాను. రెండోదాంట్లోనూ అదే నక్షత్రం. అప్పుడు మా పెద్దమ్మాయి ఫోన్ తీసి, సైట్ వెనక కెమెరా పెట్టి ఫొటో తీసింది. ఫొటోలో చుక్క చక్కగా, గుండ్రంగా, చిన్న కుంకుమ బొట్టులా ఉంది. తోకలన్నీ నా కంట్లోనివే.

మీరూ ఇదే చేయండి. చుక్క వెలుగు బాగా తగ్గించుకుని, సైట్‌ని బల్ల మీద కదలకుండా పెట్టి, ఫోన్‌తో ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉండి మీ కంటికి నక్షత్రంలా ఉంటే అది చాలావరకు కంటి ముందు పొర వంపులో తేడా. మీ కళ్లద్దాల చీటీలో సిలిండర్ అని ఒక అంకె ఉంటుంది చూడండి, అదే దాని కొలత. కొన్నిసార్లు శుక్లం మొదలైనా వెలుగు ఇలాగే చెదిరి తోకలు వస్తాయి.

ఇంకో పరీక్ష ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. పాత పెళ్లిపత్రిక అట్ట తీసుకుని, మధ్యలో గుండుసూదితో ఒకే ఒక్క రంధ్రం చేయండి. అంచులు నలిగిపోకుండా శుభ్రంగా ఉండాలి. ఎడమ కన్ను మూసి, కుడి కంటికి దగ్గరగా ఆ అట్ట పెట్టుకుని, రంధ్రంలోంచి దూరంగా ఉన్న బోర్డు చూడండి. మామూలుగా చూసినదానికంటే స్పష్టంగా కనబడితే మీ ఇబ్బంది పవర్‌ది, అద్దాలతో సరిచేయగలిగేది. రంధ్రంలోంచి చూసినా అంతే మసకగా ఉంటేనో, ఇంకా మసకబారితేనో, శుక్లమో, కంటి వెనక పొర అయిన రెటీనాలో ఏదైనా తేడానో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఏ స్కోపూ దాన్ని సరిచేయదు. ఇది డాక్టర్ పరీక్షకు బదులు కాదు. వెళ్లే లోపల మీకు ఒక అంచనా వస్తుంది, అంతే.

షుగర్ ఉంది కాబట్టి మూడోది కూడా చెప్పాలి. బాత్‌రూమ్ గోడకు చదరపు టైల్స్ ఉంటాయి కదా, చదివే అద్దాలు పెట్టుకుని ఒక్కో కన్ను మూసి వాటి గీతలు చూడండి. గీత ఎక్కడైనా వంకరపోయినట్టో, మధ్యలో మాయమైనట్టో కనబడితే రెటీనా నడిభాగం దెబ్బతింటున్నట్టు. ఆ వారంలోనే చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు మెరిసినట్టో, నల్లటి నలుసుల వాన పడినట్టో, ఒక పక్క తెర దించినట్టో అనిపిస్తే వారం కాదు, అదే రోజు వెళ్లాలి.

మీకు కడపలో మంచి కంటి ఆసుపత్రులు ఉన్నాయి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలోని సత్యసాయి ఆసుపత్రిలోనూ కంటి విభాగం ఉంది. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మా అనంతపురంలోనే మొదలుపెట్టారు. దాని కింద బడుల్లో పిల్లల కళ్లు పరీక్ష చేయించే హడావుడిలో ఉన్న నేను, నా కన్ను మాత్రం చూపించుకోలేదు. ఆ తప్పు మీరు చేయకండి. వెళ్లినప్పుడు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూడమని, కంటి ఒత్తిడి కొలవమని మీరే అడగండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు చెదురుతుంది, బండి నడపలేరు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

కళ్లద్దాలు కొత్తవి చేయించుకునే ముందు షుగర్ అదుపులో ఉందో లేదో చూసుకోండి. ఇది చాలామందికి తెలియదు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటిలోని కటకంలో నీటి పాలు మారి దాని పవర్ మారుతుంది. తగ్గినప్పుడు మళ్లీ మారుతుంది. నాకు తెలిసిన ఒకాయన షుగర్ 300 దాటిన రోజుల్లో పరీక్ష చేయించుకుని అద్దాలు కట్టించుకున్నాడు. మందులు మార్చి షుగర్ దిగాక ఆ అద్దాలు పనికిరాలేదు. ఆయన రెండు నెలలపాటు స్కోప్ కంటి వైపు రింగు వారం వారం తిప్పుతూ, జీరో (గురి పెట్టినచోటే బాణం తగిలేలా చేసిన సర్దుబాటు) చెరిగిపోయిందని స్క్రూలు కదిపేస్తూ, అసలేం జరుగుతోందో అర్థం కాక టెన్షన్ పడ్డాడు. చక్కెర కొన్ని వారాలు ఒకే తీరున నిలకడగా ఉన్నాకే అద్దాలు, ఆ తర్వాతే సైట్.

ఇప్పుడు సైట్ల సంగతి. వయసు కంటికి ఏది ఎందుకు పనికొస్తుందో తెలిస్తే మీరే ఎంచుకోగలరు.

నలభై దాటాక కంటిలోని కటకం గట్టిపడుతుంది. దగ్గరికి ఒకసారి, దూరానికి ఒకసారి తనంత తాను సర్దుకునే శక్తి పోతుంది. చత్వారం అంటే ఇదే. పిన్ను సైట్‌లో కంటికి దగ్గరగా ఒక రంధ్రం, ముందు అర మీటరులో ఒక పిన్ను, 30 మీటర్లలో బోర్డు, మూడూ కనబడాలి. కుర్రాడి కన్ను క్షణంలో మూడింటి మధ్య తిరిగి వస్తుంది. మన కన్ను ఒక్కచోటే నిలబడుతుంది. అందుకే మన వయసులో పిన్ను సైట్ మొదట పక్కన పెట్టాల్సింది. వెనక రంధ్రం చిన్నదైతే కొంత స్పష్టత వస్తుంది, పెళ్లిపత్రిక రంధ్రంలో చూసిన గుణమే అది. కానీ రంధ్రం చిన్నదయ్యేకొద్దీ వెలుగు తగ్గుతుంది, సాయంత్రం ఏమీ కనబడదు.

మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లు, చివర్లలో చక్రాలున్నది, చూశారా? హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. కాంపౌండ్‌లో 50 మీటర్ల దూరాన ఉన్న బోర్డులో పది మార్కుల వలయం 8 సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. అందుకే ఆ విల్లులకు ముందు సైట్‌లో పెద్దది చేసి చూపే అద్దం, తాడులో చిన్న రంధ్రం పెట్టుకోనిస్తారు. ఆ రంధ్రంలో ఇంకో చిన్న కటకం కూడా వేసుకోవచ్చు. కాంపౌండ్ వాడే పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ కటకం గురించి కనుక్కోండి, మీ వయసుకు అది చాలా పని చేస్తుంది. క్రాస్‌బోకి మనకు ఇంతకంటే తేలిక దారులున్నాయి.

రెడ్ డాట్‌లో చుక్క దూరాన ఉన్నట్టే కంటికి కనబడుతుంది. చూపు బోర్డు మీద పెడితే చుక్క దాని మీదే కూర్చుంటుంది, దగ్గరిది దూరందీ అని రెండు లేవు. చత్వారం ఉన్నవాళ్లకు ఇది వరం. కాకపోతే సిలిండర్ పవర్ ఉంటే నక్షత్రం వస్తుంది. దానికి రెండు మందులున్నాయి. దూరపు చూపుకు సిలిండర్‌తో సహా సరిగ్గా చేయించిన అద్దాలు పెట్టుకుంటే నక్షత్రం చాలావరకు చుక్కగా ముడుచుకుంటుంది. రెండోది, వెలుగు తగ్గించడం. మనవాళ్లు చుక్క బాగా కనబడాలని వెలుగు పూర్తిగా పెంచేస్తారు, దాంతో తోకలు ఇంకా సాగుతాయి. బోర్డు మీద చుక్క కనీకనబడకుండా ఉన్న స్థాయికి తెచ్చి, అక్కడి నుంచి ఒక్క మెట్టు పెంచండి. అంతకు మించి వద్దు.

చుక్క సైజు కూడా చూసుకోండి. దాన్ని ఎంఓఏలో చెప్తారు, అది డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. 3 ఎంఓఏ చుక్క 30 మీటర్లలో సుమారు 2.6 సెంటీమీటర్లు కప్పేస్తుంది, అంటే పది రూపాయల బిళ్లంత. బోర్డుకి అది సరిపోతుంది. 2 ఎంఓఏ అయితే పావు తక్కువ రెండు సెంటీమీటర్లు. కంటి చూపు తగ్గినవాళ్లు చిన్న చుక్క కొని, కనబడక వెలుగు పెంచి, నక్షత్రం తెచ్చుకుంటారు. 3 గానీ 4 గానీ తీసుకోవడం మేలు.

రంగు విషయంలో మన నేల గురించి ఆలోచించండి. పగటి వెలుగులో మన కన్ను ఆకుపచ్చ, పసుపు కలిసే రంగును అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. మా వైపు ఎర్ర నేల, ఎండిన గడ్డి. మధ్యాహ్నం ఎర్ర చుక్క ఆ మట్టిగట్టు మీద కరిగిపోతుంది, ఆకుపచ్చ చుక్క నిలబడుతుంది. అదే మీ బోర్డు వెనక నిమ్మచెట్లో, పచ్చని శనగ చేనో ఉంటే ఎరుపే నయం. రెండు రంగులూ ఉన్న సైట్ దొరికితే అదే తీసుకోండి.

నక్షత్రం అద్దాలతో కూడా పోకపోతే ప్రిజమ్ సైట్ చూడండి. పైకి రెడ్ డాట్‌లా పొట్టిగా ఉంటుంది, లోపల గుర్తు మాత్రం అద్దం మీద చెక్కి ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా నల్ల గీతగా కనబడుతుంది. కంటి వైపు రింగు తిప్పి మన పవర్‌కి సర్దుకోవచ్చు. సిలిండర్ ఉన్న చాలామందికి ఇందులో గుర్తు శుభ్రంగా కనబడుతుంది. ఒక్క ఇబ్బంది, కన్ను దానికి కాస్త దగ్గరగా, ప్రతిసారీ ఒకేచోట పెట్టాలి.

ఇక స్కోప్. మీ 4x32 మీద మీరు తొందరపడ్డారని నా అనుమానం. గీతలు మసకగా ఉన్నాయన్నారు, బోర్డు ఎలా ఉందో రాయలేదు. గీతలు మాత్రమే మసకైతే కంటి వైపు రింగు ఎప్పుడూ సర్దలేదన్నమాట. డబ్బా తెరిచినప్పుడు ఎలా ఉందో అలాగే వాడేస్తారు చాలామంది.

సర్దే పద్ధతి చెప్తాను. పొద్దున పూట, సున్నం కొట్టిన తెల్ల గోడ వైపు స్కోప్ తిప్పండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా వద్దు, కన్ను పోతుంది. క్రాస్‌బో మీద బాణం ఉండకూడదు, తాడు ఎక్కించి ఉండకూడదు. దూరంగా ఉన్న చెట్టునో, కొండనో కాసేపు చూసి, అప్పుడు స్కోప్‌లోకి రెండు మూడు సెకన్లు చూడండి. గీత మొదటి చూపులోనే నల్లగా, కోసినట్టు కనబడాలి. కనబడకపోతే కన్ను తీసేసి, రింగు పావు చుట్టు తిప్పి, మళ్లీ దూరం చూసి, మళ్లీ రెండు సెకన్లు. ఎక్కువసేపు చూస్తూ తిప్పకండి. కన్ను తానే సర్దుకోవాలని కష్టపడి మిమ్మల్ని మోసం చేస్తుంది, పది నిమిషాల తర్వాత తలనొప్పి వస్తుంది. కుదిరాక రింగు మీద, దాని పక్కన గొట్టం మీద నెయిల్ పాలిష్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా తిప్పేసినా మళ్లీ అక్కడికి తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో మనవడు రెండుసార్లు తిప్పాడు.

ఆ రింగు దూరపు పవర్‌ను, దగ్గరి పవర్‌ను కొంతవరకు సరిచేస్తుంది, సిలిండర్‌ను చేయలేదు. మీకు సిలిండర్ పెద్దదైతే అద్దాలు పెట్టుకునే సర్దుకోవాలి. చిన్నదైతే అద్దాలు లేకుండా కూడా కుదరొచ్చు. అలా అయినా కంటి రక్షణ అద్దాలు పెట్టుకోండి, పాలీకార్బొనేట్‌వి. తాడు తెగినా, లింబ్ (వంగే విల్లు రెక్క) పగిలినా ముక్కలు ముఖం మీదికే వస్తాయి.

3-9x40 ఎందుకు వద్దంటున్నానంటే, పెద్దదిగా కనబడినంత మాత్రాన స్పష్టంగా కనబడదు. ముందు అద్దం వెడల్పును ఎన్ని రెట్లు అన్న అంకెతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట మందం వస్తుంది. 32ను 4తో భాగిస్తే 8 మిల్లీమీటర్లు. 40ని 9తో భాగిస్తే నాలుగున్నర కూడా రాదు. స్కోప్‌ని చేయి చాచి పట్టుకుని కిటికీ వైపు చూస్తే కంటి వైపు అద్దంలో గుండ్రటి వెలుగు బిళ్ల కనబడుతుంది, అదే ఆ కట్ట. బిళ్ల పెద్దదైతే తల కొంచెం అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. చిన్నదైతే సూదిలో దారం ఎక్కించినంత కష్టం. పైగా 20 ఏళ్ల కంటితో పోలిస్తే 60 ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుగు సుమారు మూడో వంతే. దానికి శుక్లం తోడైతే ఇంకా తక్కువ. పవర్ పెంచిన కొద్దీ మీ చేతి వణుకు, గుండె కొట్టుకోవడం కూడా అన్ని రెట్లు పెద్దవిగా కనబడతాయి. 30 మీటర్ల బోర్డుకి రెండు నుంచి నాలుగు రెట్లు చాలు.

ఇంకొకటి, తుపాకీ స్కోప్‌లు చాలావరకు 100 గజాలకు సర్ది వస్తాయి. 30 మీటర్లలో కన్ను నడిమధ్యలో లేకపోతే గీత బోర్డు మీద జరిగినట్టు కనబడుతుంది. క్రాస్‌బో కోసం చేసినవి దగ్గరి దూరానికి సర్ది ఉంటాయి. 20, 30, 40, 50 గజాలకు గీతలు కూడా ఉంటాయి. కొన్నింటిలో బాణం వేగాన్ని బట్టి తిప్పే రింగు ఉంటుంది. దాన్ని ఒకసారి మీ బాణం వేగానికి సరిపెట్టాక ఇక ముట్టుకోకండి, తిప్పితే గీతల దూరాలన్నీ మారిపోతాయి. మీరు ఒకే దూరంలో వేస్తున్నారు కాబట్టి నన్నడిగితే గీతలు తక్కువ ఉన్నదే తీసుకోండి. అయిదారు గీతల్లో ఏది 30ది అని మసక కన్ను వెతుక్కోవడం కంటే, మధ్యలో లావుపాటి ఒక్క గుర్తు, దానికి సన్నగా వెలిగే బల్బు ఉంటే హాయి.

దూరం మాత్రం కంటితో అంచనా వేయకండి. సెకనుకు 300 అడుగుల వేగంతో పోయే బాణం 30 మీటర్లకు సర్దిన సైట్‌తో 40 మీటర్ల బోర్డుకి వేస్తే దాదాపు పావు మీటరు కింద తగులుతుంది. టేపుతో కొలిచి మేకులు కొట్టుకోండి, మేకుకు తెల్ల రంగు వేయండి. బోర్డు మధ్యలో పసుపు కాగితం, దాని నడుమ నల్ల బిళ్ల అతికిస్తే శుక్లం కంటికి కూడా అంచు తేలుతుంది. ఎండ మీ వీపు వైపు ఉండేట్టు నిలబడండి. ఎదురెండలో శుక్లం ఉన్న కంటికి అంతా పాలు పోసినట్టు తెల్లబారిపోతుంది.

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో వేయకండి. తల వంచి చెంప ఆనించినప్పుడు మనం అద్దం నడిమధ్యలోంచి చూడం, పై భాగంలో ముక్కు వైపు మూలలోంచి చూస్తాం. ప్రోగ్రెసివ్‌లో ఆ మూల చూపు చెదురుతుంది. దూరపు చూపు ఒక్కటే ఉన్న అద్దాలు, కొంచెం పెద్ద ఫ్రేములో, విడిగా చేయించుకోండి. కళ్లద్దాల షాపుకు క్రాస్‌బో తీసుకుపోలేరు కాబట్టి ఇంట్లో చెంప ఆనించి, ఎవరితోనైనా, వాళ్లను మీ ఎదురుగా నిలబెట్టకుండా, పక్క నుంచి ఫొటో తీయించుకుని, ఆ ఫొటో చూపించండి. మంచి టెక్నీషియన్ అయితే అద్దం కేంద్రాన్ని ఎంత జరపాలో చెప్తాడు.

కుడి కన్ను బాగా తగ్గి ఎడమ కన్ను బాగుంటే? ఎడమ భుజానికి మారండి. విల్లుకంటే క్రాస్‌బో మార్చుకోవడం చాలా తేలిక. నేను ఆపరేషన్ ముందు ఎనిమిది నెలలు ఎడమ వైపు నుంచే వేశాను. మొదటి రెండు వారాలు చేయి మాట వినలేదు, తర్వాత అలవాటైంది. మీ దానిలో ఎడమ చెంపకు అడ్డేమీ లేదో, తాడు దూసుకుపోయే దారిలోకి బొటనవేలు రాకుండా ఉంటుందో ముందు చూసుకోండి.

ఆపరేషన్ అవసరమని డాక్టర్ అంటే భయపడకండి, కానీ ముందే చెప్పండి, నేను స్కోప్‌లో చూసి గురిపెడతాను అని. లోపల పెట్టే లెన్స్ సాధారణంగా దూరపు చూపుకు పెడతారు. ఆ తర్వాత రెడ్ డాట్, స్కోప్ రెండూ బ్రహ్మాండంగా కనబడతాయి, దగ్గరి పిన్ను మాత్రం అద్దాలు లేకపోతే మసకే. సిలిండర్ ఎక్కువ ఉన్నవాళ్లకు దాన్ని కూడా సరిచేసే టోరిక్ లెన్స్ ఉంటుంది, అడగండి. ఆపరేషన్ తర్వాత డాక్టర్ ఒప్పుకునేదాకా తాడు లాగకండి. క్రాస్‌బో ఎక్కించడం చాలా బరువు లాగే పని, ఆ ముక్కుడు కంటికి మంచిది కాదు. ఇప్పటికే మీరు చేత్తో లాగుతుంటే తాడు కొక్కేలు కొనుక్కోండి, బరువు సగానికి సగం తగ్గుతుంది. ఎక్కించాక ఆయాసం తగ్గేదాకా ఆగి అప్పుడు గురిపెట్టండి. ఆయాసంలో ఏ సైటూ నిలవదు.

నా కంటికి నక్షత్రం పోయి చుక్క కనబడిన రోజు చాలా సంతోషించాను. కానీ ఈ విషయం ఇంత పొడవుగా రాయడానికి కారణం అది కాదు.

ఆపరేషన్‌కు ముందు, ఓ మాఘ మాసం సాయంత్రం. బుక్కరాయసముద్రం వైపు మిత్రుడి పొలంలో వేస్తున్నాను. ఎర్ర గుర్తు బోర్డు మీద చక్కగా నిలబడింది. నాకెంత బాగా కనబడుతోందో అనుకున్నాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. వెనక నుంచి నా పాత విద్యార్థి, "సార్, ఆగండి! ఆగండి సార్!" అని కేక పెట్టాడు. చేయి తీసేసి తలెత్తి చూశాను. నాకు ఏమీ కనబడలేదు. వాడు చెయ్యి పట్టుకుని చూపిస్తే అప్పుడు కనబడింది. బోర్డుకు కుడి పక్కన, గట్టు మీద, దుమ్ము రంగు దుప్పటి కప్పుకుని గొర్రెల కాపరి పిల్లాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం గట్టెక్కాడు. స్కోప్‌లో నాకు బోర్డు వెడల్పు దాటి కొంచెమే కనబడుతోంది. బయట నా కన్ను ఆ దుప్పటిని మట్టిగా చూసింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

సైట్ గురిని చూపిస్తుంది. గురి పక్కన, గురి వెనక ఏముందో చూడాల్సింది కన్నే. నీటికాసుల జబ్బులో (గ్లకోమా, కంటి ఒత్తిడి పెరిగి వచ్చేది) పక్క చూపు ముందు పోతుంది, మధ్య చూపు బాగుంటుంది కాబట్టి మనకు తెలియదు కూడా. అందుకే కంటి ఒత్తిడి కొలిపించమని పైన రాశాను. ఇప్పుడు నేను ఎప్పుడూ ఒంటరిగా వేయను. చూపు బాగున్న మనిషి ఒకరు పక్కన నిలబడి బోర్డు వెనక, రెండు పక్కలా చూసి "వేయండి" అన్నాకే వేలు ట్రిగ్గర్ మీద పెడతాను. ఎండ పడమటికి వాలి నీడలు పొడవైతే తాడు దించేస్తాను. దించడమంటే బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కడం కాదు, అలా చేస్తే లింబ్‌లు పగిలిపోతాయి. అందుకోసమే ఉంచిన పాత బాణాన్ని సంచి బోర్డులోకి వేసి దించాలి.

మీ బోర్డు వెనక ఏముందో మీరు రాయలేదు. మీ వైపు పొలాల చుట్టూ కడప బండలు నిలబెట్టి కంచె వేస్తారు. బోర్డు వెనక బండ ఉంటే ఈరోజే మార్చండి. బోర్డు తప్పిన బాణం బండకు తగిలి ఎటు తిరుగుతుందో చెప్పలేం, బండ పెచ్చులు కూడా ఎగురుతాయి. గోనె సంచిలో పాత బట్టలు గట్టిగా కూరి బోర్డు కట్టండి, దాని వెనక తలకంటే ఎత్తు మట్టిగట్టు ఉండాలి, గట్టు మీదికి దారి ఉండకూడదు. అడవిపందుల గురించి కూడా ఒక మాట రాశారు. పంట పాడు చేస్తున్నా సరే, అనుమతి లేకుండా వాటి మీద వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. రాత్రిపూట మసక కంటితో చేను గట్టున కదిలేదాని మీద వేయడం అంటే అక్కడ కాపలా పడుకున్న రైతు మీద వేసినా వేసినట్టే. పంట కోసమైతే అటవీ శాఖవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఈ నెలలో ఇలా చేయండి. పాత 4x32ను పారేయలేదు కదా, అది మళ్లీ బిగించండి. రింగు నేను చెప్పినట్టు సర్దండి. కంటి పరీక్ష అయ్యాక చీటీలో కుడి కంటికి సిలిండర్ ఎంత, శుక్లం ఉందా, రెటీనా గురించి ఏం రాశారు, ఇవి నాకు రాయండి. చెంప ఆనించినప్పుడు కంటికీ స్కోప్‌కీ మధ్య ఎన్ని అంగుళాలు ఉందో స్కేలుతో కొలిచి అదీ చెప్పండి. సిలిండర్ ఒకటి లోపు ఉంటే మీ రెడ్ డాటే అద్దాలతో సరిపోవచ్చు, డబ్బు ఖర్చు అక్కర్లేదు. అంతకంటే ఎక్కువైతే ప్రిజమ్ సైటా, వెలిగే గుర్తున్న స్కోపా అన్నది ఆ కొలత చూసి చెప్తాను. అంతవరకు సాయంత్రం నాలుగున్నర తర్వాత క్రాస్‌బో బయటికి తీయకండి, మీ పక్కన ఒక మనిషి లేకుండా అసలే తీయకండి.